72 గంటల ట్యాబ్లెట్, మూడు స్ట్రిప్పులు, నా నిద్ర

ట్యాబ్లెట్‌కి 4 స్టార్లు, డబ్బాలో మడతపెట్టిన కాగితానికి 1. బ్రాండ్ పేరు రాయట్లేదు, కలిసిన 72 గంటల్లోపు కడుపు రాకుండా వేసుకునేవి ఇవి, మన మెడికల్ షాపుల్లో దొరికే ఈ ట్యాబ్లెట్లలో మామూలుగా ఉండేది ఒకటే మందు, లెవోనోర్‌జెస్ట్రెల్ 1.5 ఎంజీ, డబ్బా రంగే తేడా.

శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. పాపకి మొన్నే రెండేళ్లు నిండాయి, ఇప్పుడే ఇంకొకళ్లంటే నా వల్ల కాదు బాబోయ్. పొద్దున్నే మా ఆయన్ని పంపితే షాపతను నల్ల కవర్లో చుట్టి దొంగ సరుకులా చేతిలో పెట్టాడంట, ఎలా వాడాలో ఒక్క ముక్క చెప్పలేదు. టిఫిన్ తిని వేసుకున్నా. రోజంతా కడుపులో తిప్పింది గానీ వాంతి అవలేదు (వేసుకున్న రెండు మూడు గంటల్లో అయితే ఇంకోటి వేసుకోవాలంట).

అసలు సినిమా తర్వాత మొదలైంది. ఆరో రోజు కొంచెం బ్లీడింగ్ కనపడితే హమ్మయ్య డేట్ వచ్చేసింది అనుకున్నా, రెండ్రోజులకి ఆగిపోయింది, గూగుల్‌లో చూస్తే ట్యాబ్లెట్ వల్ల కావచ్చు ప్రెగ్నెన్సీ వల్ల కావచ్చు అని రెండూ ఉన్నాయి, ఇంక నిద్రెక్కడిది. ఎనిమిదో రోజు ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్, పన్నెండో రోజు ఇంకోటి, రెండిట్లోనూ సి దగ్గర ఒక్క గీతే, అంటే లేదని (టి దగ్గర కూడా పడితే ఉన్నట్టు). మూడోది చూసి డస్ట్‌బిన్‌లో పడేసి, అరగంటకి మనసాగక మళ్లీ తీసి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే టి దగ్గర బూడిద రంగులో ఏదో ఉన్నట్టే ఉంది! మా ఆయనేమో నాకేం కనపడట్లేదే అంటాడు, నాకు మాత్రం కనపడుతోంది.

డాక్టర్ దగ్గరికి పోతే ఆవిడ నవ్వి, స్ట్రిప్ ఐదు నిమిషాలకి చూడాలమ్మా, అరగంటకి ఆరిపోయాక కూడా మరక పడొచ్చు, అది లెక్క కాదు అన్నారు. ఇంకా ఏం చెప్పారంటే, ఈ మందు అండం విడుదలని వెనక్కి నెడుతుంది, అందుకే డేట్ కూడా అటూ ఇటూ అవుతుంది, అప్పటికే కడుపు నిలిచి ఉంటే దాన్నేం చెయ్యదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదంట, కానీ నూటికి నూరు గ్యారంటీ లేదు. టెస్ట్ మాత్రం కలిసిన రోజు నుంచి మూడు వారాలు దాటాక చేస్తేనే నమ్మాలి, అంతకుముందు చేసినవి డబ్బులు దండగ. వేసుకున్నాక అదే నెలలో మళ్లీ జాగ్రత్త లేకుండా కలిస్తే ఇది కాపాడదు అని మా ఆయన వైపు చూసి మరీ చెప్పారు. కడుపులో ఒక పక్క గట్టిగా నొప్పొస్తే ఆగకుండా వచ్చెయ్యమన్నారు. ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే దీనికన్నా గట్టి దారి అంట, అది నాకు ఆ ఆదివారమే తెలిసుంటే బావుండేది.

కాగితానికి ఒక్క స్టార్ ఎందుకంటే, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు లేదు, మూడు వారాల మాట అందులో ఉందో లేదో నా కళ్లకి ఆనలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఫస్ట్ యూరిన్‌తో చేశా, ఫోన్‌లో ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకుని, ఒక్కటే గీత. అయినా డేట్ రాలేదు, పది రోజులు పైనే లేటయ్యి, కరెక్ట్‌గా శ్రావణ శుక్రవారం పొద్దున, పూర్ణాలకి పప్పు ఉడుకుతుంటే వచ్చింది. ఇవాళే రావాలా అని అత్తయ్య మొహం మాడ్చుకున్నారు. నేను మా రూమ్‌లోకి పోయి తలుపేసుకుని పిచ్చిదాన్లా నవ్వుకున్నా.