గుంటుపల్లా, బొజ్జన్నకొండా? ఒక్కరోజే ఉంటే ఏది మేలు

బౌద్ధ క్షేత్రమైన తొట్లకొండ ఇప్పుడు విశాఖ వచ్చేవాళ్లందరికీ తెలిసిపోయింది. జనం తాకిడి లేకుండా బౌద్ధ శిథిలాలు చూడాలంటే రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి ఏలూరు జిల్లా జీలకర్రగూడెం పక్కనున్న గుంటుపల్లి, రెండోది అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ.

వెళ్లిరావడానికి బొజ్జన్నకొండే సులువు. అనకాపల్లిలో రైలు దిగితే ఆటోలో కొద్ది నిమిషాలు. గుంటుపల్లికి ఏలూరు నుంచి 40 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కామవరపుకోట మీదుగా వెళ్లాలి. ఆటోని పోనూరానూ మాట్లాడుకుని కొండ కిందే ఆగమనండి. దింపేసి వెళ్లిపోతే తిరుగు బండి దొరకడం కష్టం.

అంత శ్రమపడి గుంటుపల్లి ఎందుకు వెళ్లాలంటే, అక్కడి గుండ్రటి చైత్యగుహ, అంటే స్తూపాన్ని పూజించడానికి రాతిలో తొలిచిన మందిరం కోసం. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి పని. లోపలికి వెళ్లగానే ఫొటో తీయకండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగండి. తర్వాత టార్చిని పైకప్పుకు సూటిగా కాకుండా, గోడ వారగా పక్కనుంచి వేయండి. సూటిగా వేస్తే రాయంతా చదునుగా కనిపిస్తుంది, ఫ్లాష్ ఫొటోలు పాడయ్యేది అందుకే. పక్క వెలుగులో మాత్రం పూరింటి కప్పులాంటి వాసాలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. రాతిగుహ నిలబడటానికి వాసాలతో పనిలేదు. అయినా కర్రతో ఇల్లు కట్టే పద్ధతినంతా శిల్పి రాతిలో చెక్కిపెట్టాడు. బీహార్‌లోని లోమస రుషి గుహ ముఖద్వారంలోనూ ఇదే కర్రపని పోలిక కనిపిస్తుంది. మధ్యలో ఉన్న స్తూపాన్ని స్థానికులు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు, కాబట్టి చెప్పులు బయటే విడవండి. ఇక్కడిది ఇసుకరాయి, చేత్తో రాస్తే రేణువులు రాలతాయి. గోడల్ని తాకకండి. భిక్షువులు ఉండిన విహార గుహలు, కొండ మీది మొక్కుబడి స్తూపాలు కూడా చూడటానికి మూడు గంటలు పెట్టుకోండి.

బొజ్జన్నకొండ తర్వాతి కాలానిది, సుమారు క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దాల మధ్యది. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ 1906 ప్రాంతంలో ఇక్కడ తవ్వకాలు జరిపాడు. బుద్ధుడి రూపం చూడాలనుకునేవాళ్లకు ఇదే సరైన చోటు. పెద్ద గుహలో 16 స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం, పై అంతస్తులో కూర్చున్న బుద్ధుడు ఉంటాయి. చాలామంది ఇది చూసి దిగిపోతారు. అది పొరపాటు. పడమటి వైపున్న లింగాలకొండ నిండా వరసలు వరసలుగా రాతిలో చెక్కిన స్తూపాలే. రాయి, స్తూపం ఒకే రంగులో కలిసిపోతాయి గనుక చూడకుండా వాటి మీద కాలు వేసే ప్రమాదం ఉంది. నెమ్మదిగా నడవండి. కనుమ రోజున ఇక్కడ జనం పోటెత్తుతారు, ఆ రోజు వద్దు.

రెండింటికీ నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వానల్లో మెట్ల మీద పాచి జారుతుంది. ఎండాకాలంలో పొద్దున పదికల్లా బండ కాలిపోతుంది.

ఒక్కటే చూడగలిగితే గుంటుపల్లికే వెళ్లండి. అలాంటి గుండ్రటి రాతి చైత్యం తెలుగునేల మీద చాలా అరుదు. రెండూ చూసే వీలుంటే కూడా అదే ముందు, స్తూపాన్నే పూజించిన కాలం నుంచి విగ్రహాల కాలానికి వచ్చిన మార్పు కళ్లకు కడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే మాత్రం బొజ్జన్నకొండ మేలు: పై దాకా ఎక్కలేకపోయినా కింది గుహ చూసి రావచ్చు.