తుపాకీ కొనేముందు జరిగే తనిఖీ: టెక్సాస్‌లో ఎఫ్‌బీఐ సేవ, కాలిఫోర్నియాలో రాష్ట్ర సేవ

గ్రీన్ కార్డుదారుగా నేను టెక్సాస్‌లో ఒకసారి, ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాకు మారిన తరువాత మరొకసారి తుపాకీ కొన్నాను. తుపాకుల గుణదోషాల జోలికి పోకుండా, రెండు చోట్లా ఎదురైన బ్యాక్‌గ్రౌండ్ చెక్‌ను మాత్రమే ఒక సేవగా భావించి ఈ సమీక్ష రాస్తున్నాను.

ఎక్కడ కొన్నా, లైసెన్సు గల డీలరు వద్ద 4473 అనే ఫెడరల్ ఫారం నింపవలసిందే. పౌరసత్వం లేనివారు అందులో తమ ఏలియన్ నంబరు కూడా రాయాలి. టెక్సాస్‌లో డీలరు ఆ వివరాలను నేరుగా ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ అనే తక్షణ తనిఖీ వ్యవస్థకు పంపుతాడు. 1998 నవంబరు నుంచి పనిచేస్తున్న ఈ వ్యవస్థకు ఎఫ్‌బీఐ రుసుము తీసుకోదు. నేను కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే ‘ప్రొసీడ్’ (అమ్మవచ్చు) అని జవాబు వచ్చింది. అనుమతి పొందినవారి వివరాలను 24 గంటల్లోగా చెరిపివేయాలన్న నిబంధన కూడా నాకు నచ్చింది.

అయితే, ఈ వేగం వెనుక నన్ను కలవరపెట్టే లోపం ఒకటి ఉంది. ‘డిలే’ (ఇంకా పరిశీలించాలి) అని జవాబు వచ్చి, మూడు పనిదినాల్లో సంగతి తేలకపోతే, ఫెడరల్ చట్టం ప్రకారం డీలరు తుపాకీ అప్పగించవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపిన వ్యక్తికి తుపాకీ దొరికింది ఈ దారిలోనే. 2022 చట్టం 21 ఏళ్లలోపు వారి విషయంలో ఈ గడువును పది పనిదినాల వరకు పొడిగించే వీలు కల్పించింది గాని, మిగిలినవారికి పాత గడువే. పైగా ఎఫ్‌బీఐ చూడగలిగేది ఇతరులు పంపిన రికార్డులనే. 2017లో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో కాల్పులు జరిపిన వ్యక్తికి పడిన శిక్ష వివరాలను, అతడు గతంలో పనిచేసిన వైమానిక దళం పంపకపోవడం వల్లనే అతడు తనిఖీలో దొరకలేదు.

కాలిఫోర్నియాలో డీలరు దరఖాస్తును రాష్ట్ర న్యాయశాఖకు పంపుతాడు. ఆ శాఖ నిక్స్‌తో పాటు, రాష్ట్రంలోని మానసిక ఆరోగ్య రికార్డులను, కోర్టుల నిరోధక ఉత్తర్వులను కూడా పరిశీలిస్తుంది. ఫెడరల్ చట్టం పట్టించుకోని కొన్ని చిన్న నేరాలకు సైతం పదేళ్ల నిషేధం వర్తింపజేస్తుంది. ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకం కూడా సాధారణంగా డీలరు ద్వారానే సాగాలి. టెక్సాస్‌లో ఆ నిర్బంధం లేదు. రుసుము 37.19 డాలర్లు, నిరీక్షణ పది రోజులు, అంతకుముందే తుపాకీని భద్రంగా వాడడంపై ఒక పరీక్ష. ఇంత విసుగు పుట్టించినా, తనిఖీగా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తనిఖీ చేయమని రాష్ట్రాల అధికారులను కేంద్రం బలవంతపెట్టరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినందున, ఈ పని తానే చేయాలా, ఎఫ్‌బీఐకి వదలాలా అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ఫెడరల్ వ్యవస్థ రాకముందే, 1989లో, వర్జీనియా తక్షణ తనిఖీ ప్రారంభించింది; రుసుము స్వల్పంగా ఉంచి, రాష్ట్ర రికార్డులనూ చూసే ఆ పద్ధతే ఈ రెండింటికీ మధ్యేమార్గమని నా అభిప్రాయం.

హెచ్-1బీ, ఎఫ్-1 వీసాలపై ఉన్న మనవాళ్లు వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే ఎక్కడా కొనలేరు. కొనే అర్హత ఉండి కూడా, ఇతరుల పేరుతో పోలిక వల్ల ప్రతిసారీ ‘డిలే’ ఎదురయ్యేవారు మాత్రం ఎఫ్‌బీఐకి దరఖాస్తు చేసి యూపిన్ అనే ప్రత్యేక సంఖ్య తీసుకుని, తరువాతి కొనుగోలులో దానిని 4473లో రాయవచ్చు.