తారీఖు చెరగని కాపీ: ఫోన్ ఫొటోల కోసం ఏడీబీ వాడకంపై ఒక సమీక్ష

‘ఏడీబీ’ (ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, అంటే కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఆదేశాలు పంపే ప్రోగ్రామ్) పేరు విన్నవారిలో చాలామంది అది యాప్‌లు తయారుచేసేవారికి సంబంధించిన వ్యవహారమని దాని జోలికి పోరు. నేను మాత్రం దానిని చాలాకాలంగా ఒకే ఒక్క పనికి, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫొటోలను కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి దించుకోవడానికి వాడుతున్నాను. దానిమీద నాకు ఏర్పడిన అభిమానానికి కారణం వేగమూ కాదు, ఉచితంగా దొరకడమూ కాదు. ప్రతి ఫైలునూ దాని పాత తారీఖుతోనే అది నాకు అప్పగిస్తుంది. ఇదేమంత గొప్ప సంగతి అనిపించవచ్చు గాని, వాట్సాప్‌లో వచ్చిన ఇంటి ఫొటోలను ఏళ్ల తరబడి దాచుకునేవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కెమెరాతో తీసిన ఫొటోలో, తీసిన రోజూ సమయమూ ‘ఎగ్జిఫ్’ సమాచారంగా ఫైలు లోపలే నమోదై ఉంటాయి కాబట్టి, దానిని ఎన్ని చోట్లకు మార్చినా అసలు తేదీ పోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు ఆ రక్షణ లేదు. పంపేటప్పుడే ఆ సమాచారం తొలగిపోతుంది. అటువంటి ఫొటోకు మిగిలే ఆధారాలు రెండే: పేరులో ఇమిడి ఉన్న ఎనిమిది అంకెల తేదీ ఒకటి, ఫైలు చివరిసారి మారినట్టు ఫోన్ రాసిపెట్టుకున్న తారీఖు మరొకటి. ఫొటోలను వరుసలో పేర్చి చూపించే ప్రోగ్రాములు ఎక్కువగా ఈ రెండవదాన్నే నమ్ముతాయి. కాపీ చేసినప్పుడు ఆ తారీఖు కాస్తా ఆ రోజుకు మారిపోతే, మేనల్లుడి బారసాలా, అమ్మమ్మగారి షష్టిపూర్తీ, ఎవరో పంపిన సంక్రాంతి శుభాకాంక్షలూ అన్నీ ఒకే రోజున జరిగినట్టు ఒకే గుంపులో చేరిపోతాయి.

మా నాన్నగారి ఫోన్ విషయంలో నాకు ఎదురైనది సరిగ్గా ఇదే. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీ ఆన్‌లైన్ నిల్వ ఎప్పుడో నిండిపోయింది. 2021 జూన్ తరువాత ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. మా ఇంటి ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ వేగం అంతంతమాత్రం కావడంతో కేబులే దిక్కయింది. నోటిఫికేషన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుని, ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, కంప్యూటర్‌లో అతికించే పద్ధతినే మొదట అనుసరించాను. కొంతసేపు ఆకుపచ్చ గీత ముందుకు సాగింది, తరువాత ఉన్నచోటే నిలిచిపోయింది. సీపీయూ ముందువైపు పోర్టులో కేబుల్ కొద్దిగా కదిలితే చాలు, ఫోన్ జాబితాలోంచి మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యేది; కాపీ మాత్రం ఆగినచోటి నుంచి కొనసాగేది కాదు. ఆగిన సమయంలో దిగుతున్న ఫైలు సగంలోనే తెగిపోయి మిగిలింది. తెరిచి చూస్తే పై సగంలో పెళ్లిపందిరీ, మామిడి తోరణమూ కనిపించాయి. కింది సగమంతా ఉత్త బూడిదరంగు దీర్ఘచతురస్రం. చిన్న బొమ్మల వరుసలో చూస్తే ఆ లోపం బయటపడలేదు కూడా. చివరకు ఎలాగో దిగిన వాట్సాప్ ఫొటోలు చాలావరకు కాపీ చేసిన నాటి తారీఖునే తగిలించుకుని వచ్చాయి.

ఆ ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ పద్ధతి పేరు ఎమ్‌టీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్). దానిని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. ఆండ్రాయిడ్ తొలి రోజుల్లో కేబుల్ తగిలించి నిల్వను కంప్యూటర్‌కు అప్పగిస్తే, మెమరీ కార్డు పెన్ డ్రైవ్‌లా అటు వెళ్లిపోయేది. ఆ కాసేపు ఫోన్‌లోని గ్యాలరీకి ఆ కార్డు అందేది కాదు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఎమ్‌టీపీ ప్రవేశించి ఆ చిక్కును తొలగించింది. అయితే అందులో కంప్యూటర్‌కు ఫోన్ నిల్వ నేరుగా కనిపించదు. ప్రతి ఫైలునూ అడిగి తెప్పించుకోవాలి, అదీ ఒక సమయంలో ఒక్క పనే. ఒక్క గుమాస్తా ఉన్న రేషన్ దుకాణంలో ఎంతమంది నిలబడినా ఒక్కొక్కరికే సరుకు అందినట్టు. ఫోన్ తన మీడియా పట్టికలో ఇంకా నమోదు చేసుకోని ఫైలైతే కంప్యూటర్‌కు అసలు కనిపించకపోవచ్చు. కొత్తగా వచ్చిన ఫైలు ఫోన్‌లో ఉండి కంప్యూటర్‌లో కనిపించకపోతే, ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయడం కొన్నిసార్లు పనిచేస్తుంది.

ఏడీబీ దారి వేరు. ‘ప్లాట్‌ఫామ్ టూల్స్’ పేరుతో గూగుల్ ఉచితంగా ఇచ్చే చిన్న జిప్ ఫైలులో అది ఉంటుంది. ఫోన్‌లో బిల్డ్ నంబరును ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ (యాప్ తయారీదారుల కోసం ఉద్దేశించిన సెట్టింగ్స్) తెరిచి, కేబుల్ ద్వారా కంప్యూటర్ ఆదేశాలను అంగీకరించే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్ తెరమీద అడిగే అనుమతిని ఇవ్వాలి. కంప్యూటర్‌లో ఆదేశాలు కొట్టే నల్లని తెరమీద (కమాండ్ విండో) ‘ఏడీబీ డివైసెస్’ అని కొట్టినప్పుడు ఫోన్ పక్కన ‘అన్‌ఆథరైజ్డ్’ అని వస్తే, అనుమతి ఇంకా ఇవ్వలేదని అర్థం; దానిని అడిగే పెట్టె లాక్ తెర వెనుక ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆ తరువాత, ఫైళ్లను ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి లాగే ‘పుల్’ ఆదేశానికి హైఫన్‌తో చిన్న ‘ఎ’ అక్షరం (-a) జోడించి ఫోల్డర్ దారి ఇవ్వాలి. ఆ ఒక్క అక్షరమే ఈ సమీక్షకు ఆధారం. అది లేకపోతే ఏడీబీ కూడా ఫైళ్లకు ఆ రోజు తారీఖునే వేస్తుంది. అది ఉంటే పాత తారీఖులు ఉన్నవి ఉన్నట్టుగా దిగుతాయి.

నల్లని తెరమీద శాతం అంకె పెరుగుతూ, దాని పక్కన ఫైళ్ల పేర్లు మారుతూ పోయి, చివర ఇన్ని ఫైళ్లు వచ్చాయి, ఇన్ని వదిలేశాను, సెకనుకు ఇన్ని ఎంబీల వేగం అని ఒకే వాక్యంలో లెక్క అప్పగించి ఆగింది. ఫోల్డర్‌ను తారీఖుల వరుసలో పేర్చి చూస్తే, నాన్నగారి వాట్సాప్ ఫొటోలు వెనక్కి 2019 దాకా ఏ నెలవి ఆ నెలలో కూర్చుని ఉన్నాయి. ఆండ్రాయిడ్ 11 తరువాత ఆ ఫొటోలు ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్ కింద ‘మీడియా’ లోపల పలు పొరల అడుగున ఉంటున్నాయి గాని, దారి సరిగ్గా ఇస్తే అక్కడి నుంచి కూడా ఇబ్బంది లేకుండా వచ్చాయి. ఇంకొక వింత కూడా జరిగింది. గ్యాలరీలో తొలగించి చెత్తబుట్టలో ఉన్న ఫొటోలు కొన్ని, చుక్కతో మొదలై ‘ట్రాష్డ్’ అన్న మాట ఉన్న పేర్లతో వాటితోపాటే దిగాయి. తొలగించినవాటిని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు వెంటనే చెరిపేయకుండా అదే ఫోల్డర్‌లో పేరు మార్చి కొన్నాళ్లు దాస్తాయి. ఎదుటివారి ఫోన్ నుంచి ఫొటోలు దించేవారు ఈ సంగతి ముందే వారికి చెప్పడం మర్యాద.

కేబుల్ విషయంలో మాత్రం ఏ పద్ధతికీ మినహాయింపు లేదు. చవకగా దొరికే కొన్ని కేబుళ్లలో విద్యుత్తు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ ఛార్జ్ అవుతున్నా కంప్యూటర్‌లో ఏమీ కనిపించకపోతే ముందుగా అనుమానించవలసినది దానినే. రెండు కొసలా టైప్-సీ ఉన్నంత మాత్రాన వేగం వస్తుందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉన్న టైప్-సీ కేబుళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ప్రమాణపు గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 మెగాబైట్లు. నాకు వాస్తవంలో అందులో సగం దాటితే గొప్ప. డెస్క్‌టాప్ అయితే వెనుకవైపు పోర్టుకు తగిలించడంతోనే నా బాధలు చాలా తగ్గాయి. నిజం చెప్పాలంటే ఏడీబీకి నేను ఇచ్చిన మెచ్చుకోలులో కొంత భాగం ఈ వెనుక పోర్టుకే చెందాలి.

మెచ్చుకోలులో సవరించవలసినవి ఇంకా ఉన్నాయి. ‘పుల్’ ఆదేశానికి, ఇంతకుముందే దించినవాటిని వదిలేసి కొత్తవి మాత్రమే తెచ్చే తెలివి లేదు. ప్రతిసారీ ఫోల్డర్ మొత్తాన్నీ మొదటినుంచి లాగుతుంది, మధ్యలో తెగితే మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే దించినవాటి సంఖ్యా, మొత్తం పరిమాణమూ ఫోన్‌లోని లెక్కతో సరిచూసుకుని, ఇంకొక హార్డ్ డిస్క్‌లో కూడా ప్రతి ఉంచిన తరువాతే ఫోన్‌లోని పాతవి తొలగిస్తున్నాను. ఇది సింక్ అనిపించుకోదు, ఒకవైపు తరలింపు మాత్రమే. పైగా ఆండ్రాయిడ్ 11 నుంచి, ఒక కంప్యూటర్‌కు ఇచ్చిన అనుమతి వారం రోజులు వాడకపోతే దానంతటదే రద్దవుతుంది కాబట్టి, నెలకోసారి దించుకునే నాలాంటివారికి ఆ అనుమతి పెట్టె ప్రతిసారీ ఎదురవుతుంది.

అన్నిటికంటే విసుగు పుట్టించేది బ్యాంకు యాప్. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే మా ఇంట్లో వాడే ఒక యాప్ తెరుచుకోనని మొండికేస్తుంది. భద్రత దృష్ట్యా దానిని తప్పుపట్టలేను. డీబగ్గింగ్ తెరిచి ఉన్న ఫోన్ అనుమతించిన కంప్యూటర్ చేతికి చాలా అధికారం ఇస్తుంది. అయినా కూరగాయల బండి దగ్గర నిలబడి, ఫొటోల కోసం ఆన్ చేసిన ఆప్షన్‌ను సెట్టింగ్స్‌లో వెతికి ఆపేస్తేగాని డబ్బు కట్టలేకపోవడం ఇబ్బందికరమే.

నా పరిస్థితికి, అంటే ఇంట్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లు కావడం, స్థిరంగా ఒక డెస్క్‌టాప్ ఉండడం, తారీఖుల మీద నాకున్న పట్టింపు వీటన్నిటికీ, ఏడీబీ సరిపోయింది. కెమెరా ఫొటోలు మాత్రమే, అదీ కొద్దికొద్దిగా దించుకునేవారికి ఎమ్‌టీపీయే చాలవచ్చు. ఎగ్జిఫ్ ఎలాగూ ఫైలులోనే ఉంటుంది. ఐఫోన్ ఉన్నవారికి ఇది పనికిరాదు. మా చెల్లెలి ఐఫోన్ నుంచి దించేటప్పుడు సెట్టింగ్స్‌లోని ఫొటోల విభాగంలో, కంప్యూటర్‌కు పంపే పద్ధతిని ‘ఆటోమేటిక్’ నుంచి ‘కీప్ ఒరిజినల్స్’కు మార్చాను. అప్పుడు ఫొటోలను దారిలో జేపెగ్‌గా మార్చే పని ఫోన్‌కు ఉండదు. కాకపోతే ఐఫోన్ ఫొటోలను దాచే హెచ్ఈఐసీ రకం ఫైళ్లను తెరవగల ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో ఉండాలి. నల్లని తెరమీద ఆదేశాలు కొట్టడం అలవాటు లేని పెద్దవారికి దీనిని నేర్పమని మాత్రం నేను సలహా ఇవ్వను. నాన్నగారి ఫోన్‌లో ఫొటోలు దించే పని నాదే, పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆపేసి తిరిగి ఇచ్చే బాధ్యతా నాదే.