ఎనిమిదో మెట్టు మీదా అదే బుర్ర: సివిలైజేషన్ 6లో కంప్యూటర్‌తో ఏళ్ల తరబడి ఆడాక

సివిలైజేషన్ 6 నాకు చాలా ఇష్టమైన గేమ్: ఒక నాగరికతని తీసుకుని, ఊళ్లు కట్టి, సైన్యం పెంచి, మిగతా నాగరికతలతో వంతులవారీగా పోటీపడే ఆట. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి రాసేది చాలావరకు ఫిర్యాదులాగే ఉంటుంది. 2016 అక్టోబర్‌లో వచ్చిన ఈ గేమ్‌ని, తర్వాత 2018లోనూ 2019లోనూ వచ్చిన రెండు పెద్ద ఎక్స్‌పాన్షన్లతో (ఆటకి కలిపే అదనపు భాగాలతో) సహా, ఏళ్ల తరబడి ఆడాను. ఎక్కువగా ఒంటరిగా, కంప్యూటర్ మీదే. బొమ్మల గురించి, సంగీతం గురించి, డిస్ట్రిక్ట్‌ల (ఊరి చుట్టూ వేసే ప్రత్యేక పేటల) అమరిక గురించి చాలామంది రాశారు. నేను రాసేది మనకి ఎదురు ఆడేవాడి గురించి, అంటే ఏఐ గురించి.

నా తీర్పు ఇది: మామూలు స్పీడ్‌లో ఆట 500 టర్న్‌లు (వంతులు) ఉంటే, మొదటి వంద టర్న్‌లు ఏఐ నిజంగానే భయపెడుతుంది. ఆ గండం గడిచిందంటే మిగతాదంతా మనకి దారి వదిలేసినట్టే ఉంటుంది.

ఈ గేమ్‌లో ఎనిమిది డిఫికల్టీ లెవెల్స్ ఉన్నాయి. నాలుగోది ప్రిన్స్. అక్కడ కంప్యూటర్‌కి బోనస్‌లేమీ ఉండవు. ఆపైన కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, చివరికి డీటీ. కొత్తగా ఆడేవాళ్లు మెట్టు ఎక్కేకొద్దీ కంప్యూటర్ ఇంకా తెలివిగా ఆలోచిస్తుందని అనుకుంటారు. అలా ఏం జరగదు. అన్ని మెట్ల మీదా బుర్ర ఒకటే, దానితో పాటు వచ్చే కట్నం మాత్రం పెరుగుతుంది. డీటీలో మనకి ఒక్క సెట్లర్‌ని (కొత్త ఊరు కట్టేవాణ్ణి) ఇస్తే, ప్రతి ఏఐకీ ముగ్గురు సెట్లర్లు, ఐదుగురు వారియర్లు ఇస్తారు. ఉత్పత్తిలోనూ బంగారంలోనూ 80 శాతం అదనం. సైన్స్, కల్చర్, ఫెయిత్‌లలో 32 శాతం అదనం. ప్రతి పోరులోనూ 4 పాయింట్ల బలం ఉచితం. మనం మొదటి ఊరు కట్టి రెండో దానికి స్థలం వెతుక్కునేసరికి పక్కవాడికి మూడు ఊళ్లు ఉంటాయి.

దీన్ని చీటింగ్ అని తిట్టేవాళ్లు ఉన్నారు. నాకు అంత కోపం లేదు, గేమ్ ఆ బోనస్‌లని దాచడం లేదు కదా. నా బాధ వేరు. బోనస్‌తో వచ్చే కష్టం మనతో ఒకే రకంగా ఆడిస్తుంది. డీటీలో తొలి అద్భుత కట్టడాల జోలికి వెళ్లలేం, అవి మనకి అందేలోపే ఎవడో కట్టేస్తాడు. మతం పెట్టడం కూడా దాదాపు అంతే. దాంతో ప్రతి ఆటా ఒకేలా మొదలవుతుంది: స్లింగర్లు (వడిసెలవాళ్లు), ఆర్చర్లు (విలుకాళ్లు), వీలైనంత తొందరగా గోడలు, మొదటి దాడి తట్టుకోవడం, ఆ తర్వాత పక్కవాడి ఊళ్లు లాక్కోవడం. వాడు 80 శాతం అదనంతో కట్టుకున్నదంతా మన ఖాతాలో పడుతుంది. యాభై రకాల నాగరికతలు పెట్టి, ఒక్కోదానికీ ఒక్కో ప్రత్యేకత ఇచ్చి, చివరికి అందరిచేతా ఆర్చర్లే కట్టించే మెట్టు ఇది.

అసలు రంగు యుద్ధంలో బయటపడుతుంది. 2005లో వచ్చిన నాలుగో భాగం దాకా ఒకే గడిలో ఎన్ని యూనిట్లనైనా పేర్చి గుంపుగా తోలుకెళ్లొచ్చు. కంప్యూటర్‌కి అది సుఖం. పెద్ద గుంపు తయారు చేసి మీదికి పంపితే చాలు, అది చూసి మనకి చెమటలు పట్టేవి. 2010లో ఐదో భాగంతో ఒక గడికి ఒక్క సైనిక యూనిట్ అనే నియమం వచ్చింది. ఇక అప్పటినుంచి ఎవరు ముందుండాలి, ఎవరు వెనకుండాలి, ఎవరికోసం ఎవరు గడి ఖాళీ చేయాలి అన్నదే యుద్ధం అయిపోయింది. ఆరో భాగంలో కదలికలని ఇంకాస్త బిగించారు: కొండలోకో అడవిలోకో అడుగు పెట్టాలంటే దానికి కావలసిన కదలిక పాయింట్లన్నీ చేతిలో ఉండాలి, లేకపోతే బయటే ఆగిపోవాలి. మనం మ్యాప్ చూసి రెండు మూడు టర్న్‌లు ముందే దారి వేసుకుంటాం. ఏఐ సైన్యం ఆ కొండల దగ్గరికి వచ్చేసరికి ఒకరికొకరు అడ్డం పడతారు.

మామూలుగా జరిగేది చెప్తాను. పక్కవాడు హఠాత్తుగా యుద్ధం ప్రకటిస్తాడు. మన దగ్గర ఇద్దరు ఆర్చర్లు, ఒక వారియర్, గోడ ఉన్న ఒక ఊరు ఉంటాయి. వాడి దగ్గర ఏడెనిమిది యూనిట్లు. లెక్క ప్రకారం మన పని అయిపోవాలి. కానీ వాళ్లలో ఇద్దరు గోడ దగ్గరికి వస్తారు, ముగ్గురు నది అవతలే తచ్చాడుతుంటారు, ఒకడు మన ఊరిని వదిలేసి గనిని దోచుకోవడానికి వెళ్తాడు. గోడ ఉన్న ఊరిని కత్తి పట్టుకున్న యూనిట్లు ఎంత కొట్టినా నామమాత్రంగానే తగులుతుంది. గోడ పగలాలంటే రాళ్లు విసిరే కాటపల్ట్ కావాలి, లేదంటే పక్కన బ్యాటరింగ్ ర్యామ్ (గోడల్ని పొడిచే దూలం) ఉండాలి. కాటపల్ట్ వస్తుంది కూడా. కానీ కదిలిన టర్న్‌లో అది సాధారణంగా రాయి విసరలేదు. కాబట్టి వచ్చి ఆగుతుంది, మన ఆర్చర్లు దాన్ని సగం చంపుతారు, తర్వాతి టర్న్‌లో ప్రాణభయంతో వెనక్కి పోతుంది. కాస్త కోలుకుని మళ్లీ వస్తుంది, మళ్లీ అదే కథ. చివరికి వాడే సంధికి వచ్చి బంగారం ఇస్తానంటాడు. 4 పాయింట్ల అదనపు బలం ఉన్న సైన్యం ఇది!

దీనితో పోలిస్తే బార్బేరియన్లు నయం. ఎవరికీ చెందని ఈ దొంగల గుంపులది చాలా చిన్న నియమం. ముందు ఒక స్కౌట్ వస్తాడు, మన ఊరిని చూస్తాడు, తిరిగి శిబిరానికి చేరుకుంటాడు, అప్పుడు గుంపు బయలుదేరుతుంది. ఆ స్కౌట్‌ని దారిలో చంపగలిగితే బతికిపోతాం, లేకపోతే గుర్రాల దండు వచ్చి పడుతుంది. ఒక చూపు, ఒక కబురు, ఒక దాడి, అంతే. కానీ దానికి ఒక ఉద్దేశం ఉన్నట్టు మనకి కనిపిస్తుంది. ఆ స్కౌట్ వెనక పరుగెత్తేటప్పుడు ఉండే టెన్షన్ మహా సామ్రాజ్యాలతో యుద్ధంలో ఉండదు.

సముద్రం దాటి పెద్ద సైన్యంతో వచ్చి నిలదొక్కుకున్న ఏఐని నేను చూసింది చాలా తక్కువ. విమానాల సంగతి కూడా అంతే.

రాయబారం సరదాగా మొదలై విసుగ్గా మారుతుంది. ప్రతి నాయకుడికీ ఒక అజెండా, అంటే ఇతరుల్లో ఏది నచ్చుతుందో ఏది నచ్చదో, పెట్టారు. నార్వే హరాల్డ్‌కి నౌకాబలం ఉన్నవాళ్లంటే ఇష్టం. మన ఊళ్లు ఖండం మధ్యలో ఉండి, సముద్రమన్నదే కంటబడకపోయినా, ఓడలు లేవని మనల్ని ఎగతాళి చేస్తాడు. చైనా చిన్ షి హువాంగ్ అద్భుత కట్టడాలన్నీ తనకే కావాలంటాడు, మనం ఒకటి కడితే మూతి ముడుస్తాడు. మొదట్లో ఇవి మనుషుల స్వభావాల్లాగే అనిపిస్తాయి. కొన్ని ఆటలయ్యాక వీళ్లు ఎప్పుడు ఏమంటారో మనకి కంఠతా వచ్చేస్తుంది. 2019 ఎక్స్‌పాన్షన్‌లో డిప్లొమాటిక్ ఫేవర్ (రాయబారంలో పలుకుబడి) అనే కొత్త సరుకు వచ్చింది. దాన్ని ఏఐకి మంచి ధరకి అమ్మి, ఆ డబ్బుతో దాని మీదికే సైన్యం కొనుక్కోవచ్చు. చేతిలో ఉన్న బంగారం ఎందుకు దాచుకోవాలో దానికి తెలియదు.

ఇక్కడ గాంధీ కథ చెప్పకపోతే బాగుండదు. 1991 నాటి మొదటి భాగంలో గాంధీ దూకుడుని సూచించే సంఖ్య సున్నా కిందికి దిగి 255కి తిరగబడడం వల్ల గాంధీ అణుబాంబులు వేసేవాడని ఆటగాళ్లలో ఒక కథ పాకింది. అలాంటి బగ్ ఏదీ లేదని ఆ గేమ్ సృష్టికర్త సిడ్ మైయరే 2020లో తేల్చేశారు. అయినా కథ చావలేదు, పైగా అంతకు చాలా ముందే, 2010 నాటి ఐదో భాగంలో, సరదాకి నిజంగానే గాంధీకి అణ్వాయుధాల మోజు పెట్టారు. ఏఐ చేసే పిచ్చి పనుల వెనక ఒక మనసుందని నమ్మడానికి మనం ఎంత సిద్ధంగా ఉంటామో చూడండి. ఈ గేమ్ సగం ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ఆట రెండో సగంలో ఆ నమ్మకం కూడా ఆవిరైపోతుంది. గెలవడానికి దారులు ఎన్నో ఉన్నాయి: సైన్స్, కల్చర్, యుద్ధం, మతం, రాయబారం. ఏఐ ఒకటి పట్టుకుని దాని వెంటే నడవదు. అన్నిటిలోనూ కొంచెం కొంచెం చేస్తుంది. సైన్స్ గెలుపుకి కావలసిన స్పేస్‌పోర్ట్ కడుతుంది, అందులో అంతరిక్ష ప్రాజెక్ట్ మొదలుపెట్టదు. మనం గెలుపుకి పది టర్న్‌ల దూరంలో ఉన్నామని తెరమీద అందరికీ కనిపిస్తున్నా, అందరూ కలిసి మనమీదికి రారు. మనుషులతో మల్టీప్లేయర్ ఆడితే ఇదే పరిస్థితిలో మిగతావాళ్లంతా తమ గొడవలు పక్కనపెట్టి ముందు మన స్పేస్‌పోర్ట్ మీదే పడతారు. ఒక్క మతం విషయంలోనే ఏఐ మొండిగా ఉంటుంది. మిషనరీలనీ అపోస్టిల్స్‌నీ (ఇద్దరూ మత ప్రచారకులే) దండు కట్టి పంపిస్తూనే ఉంటుంది, ఏమరుపాటుగా ఉంటే ఆ దారిలో గెలిచేస్తుంది కూడా. కానీ అందులో భయం కంటే చిరాకే ఎక్కువ, మన పొలాల నిండా వాళ్లే నిలబడి ఉంటారు.

1997లోనే కంప్యూటర్ చెస్‌లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది, 2016లో గో అనే బల్లాటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది, మరి ఈ గేమ్‌కి ఏమొచ్చింది అని ఎవరైనా అడుగుతారు. చెస్‌లో ఒక ఎత్తుకి ఒక్క పావు కదులుతుంది, బల్ల మొత్తం కళ్ల ముందుంటుంది. ఇక్కడ ఒకే టర్న్‌లో ముప్ఫై యూనిట్లు కదలాలి, పది ఊళ్లలో ఏం కట్టాలో తేలాలి, సగం మ్యాప్ చీకట్లో ఉంటుంది. ఇవాళ డిస్ట్రిక్ట్ ఎక్కడ పెట్టామన్నదాని ఫలితం వంద టర్న్‌ల తర్వాత కానీ తెలియదు. అయినా ఇలాంటివి అసాధ్యమేం కాదు. 2019లో ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రామ్ స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధపు వీడియోగేమ్‌లో గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. అదే ఏడాది ఓపెన్‌ఏఐ ఫైవ్ అనే ఇంకో ప్రోగ్రామ్, జట్లుగా ఆడే డోటా 2 గేమ్‌లో ప్రపంచ ఛాంపియన్ జట్టు ఓజీని ఓడించింది. కానీ ఓపెన్‌ఏఐ ఫైవ్ తనతో తాను ఆడుకున్న ఆటలని కూడితే వేల ఏళ్ల ఆట అవుతుంది. డోటాలోనూ మొత్తం హీరోలని (ఆటలోని పాత్రలని) కాకుండా కొద్దిమందినే అనుమతించి ఆడించారు. సివిలైజేషన్‌లో రెండేళ్లలో రెండు ఎక్స్‌పాన్షన్లు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ నియమాలు మారతాయి, నేర్చుకున్నది పాతబడుతుంది. పైగా ఇదంతా ఇంట్లో ఉండే మామూలు కంప్యూటర్ మీద, టర్న్‌కీ టర్న్‌కీ మధ్య మనం ఓపిగ్గా కూర్చోగలిగిన కొద్ది సెకన్లలోనే తేలాలి. ఎనిమిదిమంది ఏఐలు ఉన్న పెద్ద మ్యాప్‌లో ఆట చివర ఇప్పటికే ఆ ఎదురుచూపు విసిగిస్తుంది.

ఇంకో కారణం ఉంది, నేను దాన్ని చాలాకాలం సాకు అనుకున్నాను. నాలుగో భాగానికి ప్రధాన రూపకర్త అయిన సోరెన్ జాన్సన్ 2008లో ఇచ్చిన ఒక ప్రసంగంలో ఈ రకం గేమ్‌లలో ఏఐ పని ఆటగాణ్ణి అలరిస్తూ ఓడిపోవడం అన్న కోణంలో మాట్లాడారు. గెలుపే ధ్యేయంగా ఆడే ఏఐ అయితే, మనతో వంద టర్న్‌లు స్నేహంగా ఉండి, సరైన అదను చూసి వెన్నుపోటు పొడుస్తుంది. మనిషి ఆ పని చేస్తే మెచ్చుకుంటాం, కంప్యూటర్ చేస్తే ఆట బాగాలేదంటాం. నిజమే. కానీ కాటపల్ట్ ముందుకీ వెనక్కీ తిరగడంలో అలరింపు ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకాస్త బాగా ఆడే ఏఐ దొరుకుతుందేమోనని ఇతర గేమ్‌లూ ఆడాను. ఐదో భాగానికి కోడ్‌లో ముఖ్యమైన భాగాన్ని మోడ్‌లు (ఆటగాళ్లు సొంతంగా చేసే మార్పులు) రాసేవాళ్లకి ఇచ్చారు కాబట్టి వోక్స్ పోపులీ అనే మోడ్ వచ్చింది. అందులో ఏఐ సైన్యాన్ని వరసలో నడిపిస్తుంది, ఆర్చర్లని వెనక ఉంచుతుంది, దెబ్బ తిన్నవాణ్ణి పక్కకి తీస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు ఒక గడికి ఒక యూనిట్ నియమం దోషి కాదని అర్థమైంది. ఆరో భాగానికి ఆ స్థాయి మరమ్మతు రాలేదు, ఉన్న మోడ్‌లు అంకెలు సర్దగలవు కానీ యుద్ధం చేసే పద్ధతిని తిరగరాయలేవు. సోరెన్ జాన్సనే తర్వాత చేసిన ఓల్డ్ వరల్డ్‌లో ప్రత్యర్థులు మనకంటే ముందుగానే ఊళ్లు కట్టుకుని ఉంటారు. ఆ తేడాని గేమ్ కథలో భాగం చేశారు, యుద్ధంలో కూడా వాళ్లు గట్టిగానే కొడతారు. 2009 నాటి ఏఐ వార్ ఇంకా తెగించింది. అందులో నక్షత్రమండలం అంతా మొదట్నుంచీ యంత్రాలదే, మనం ఎంత ఎక్కువ ఆక్రమిస్తే వాటికి అంత కోపం పెరుగుతుంది. మనిషిలా ఆడినట్టు నటించే పని అక్కడ ఏఐకి లేదు, కాబట్టి దాని లోపం కూడా పెద్దగా కనపడదు. ఏఐ బలహీనతని అంకెలతో పూడ్చకుండా, దాని చుట్టూ ఆటనే కట్టినవాళ్లు నాకు తెలిసి వీళ్లే.

అయినా సివిలైజేషన్ 6 నా కంప్యూటర్‌లో ఇంకా ఉంది. ఇప్పుడు ఎంపరర్‌లో ఆడుతున్నాను. డీటీ మొదటి వంద టర్న్‌ల ఒత్తిడి కాస్త తగ్గినా, నచ్చిన నాగరికతని నచ్చినట్టు నడిపే వీలు దొరుకుతుంది. చిన్న మ్యాప్ పెడతాను, అందరూ ఒకే ఖండం మీద ఉండేలా చూసుకుంటాను, ఓడల మీద వాళ్లు ఎలాగూ రారు కాబట్టి. ఏఐకి ఫేవర్ అమ్మను, సంధిలో ఊళ్లు అడగను. బార్బేరియన్లని మాత్రం ఎప్పుడూ ఆపేయను. ఊళ్లు పేర్చుకోవడం, ఎక్కడ ఏ డిస్ట్రిక్ట్ వేస్తే ఎంత లాభమో లెక్కలు వేసుకోవడం మీకు సరదా అయితే కొనండి, ఏళ్లు నడుస్తుంది. ఎదుటివాడి ఎత్తు చూసి నిద్ర పట్టకూడదు అనుకుంటే మనుషులతో ఆడండి, లేదా ఐదో భాగం తీసుకుని వోక్స్ పోపులీ వేసుకోండి. రెండు వందల టర్న్‌ల తర్వాత గెలుపు ఖాయమని తెలిశాక ఆట ఆపేయడానికి నేనైతే మొహమాటపడను. నా సేవ్ ఫైళ్లలో పూర్తి కాని ఆటలే ఎక్కువ.