రచనా బోధనతో పాటు పరిశోధన, లేక పూర్తికాల పరిశోధన: ఏది మేలు?

మాట మనిషిని ఎలా కదిలిస్తుందన్న ప్రశ్నను పట్టుకుని ఎం.ఏ. ముగించిన గుంటూరు, విజయవాడ విద్యార్థుల ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వంటి చోట పూర్తికాల పీహెచ్‌డీలో చేరడం ఒకటి. ఈ రెండు నగరాల చుట్టుపక్కల ఉన్న ఏదో ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలకు రాయడం నేర్పుతూ, పార్ట్‌టైమ్‌గా పరిశోధన సాగించడం రెండవది.

డబ్బు సంగతి ముందే తేల్చుకోవాలి. అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000 రూపాయలు అందుతాయి. ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్ లేనివారికి మాత్రం ఉద్యోగం తప్పనిసరి అవసరం కావచ్చు; వారిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

అసలు చిక్కు సమయంతోనే వస్తుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉంటుంది కానీ, రచన నేర్పేవారి శ్రమ తరగతి గదితో ముగియదు. అరవై మంది తరగతిలో ఒక్కో వ్యాసానికి పది నిమిషాలు కేటాయించినా దిద్దడానికి పది గంటలు పడుతుంది, అదీ ఒక్క సెక్షన్‌కే. ఆ దిద్దుబాటు తరువాత రాత్రి పూట సిద్ధాంత గ్రంథం తెరిస్తే బుర్రకెక్కదు. పైగా ఈ విషయానికి పాత పత్రికలూ ఉపన్యాసాల నివేదికలూ వెతకాలి. ఉదాహరణకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు పురపాలక పన్నును ధిక్కరించి, ఇళ్లు విడిచి, రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. ఆ తెగింపులో కోపం వాటా ఎంత, అభిమానం వాటా ఎంత అని పరిశీలించాలంటే గ్రంథాలయాల్లో రోజుల తరబడి కూర్చోవాలి. సెలవు దినాల్లో తెమిలే పని కాదది.

అయినా తరగతి గది ఇచ్చేది మరెక్కడా దొరకదని గట్టిగా నమ్ముతాను. మిర్చి యార్డులో తండ్రి పడిన ఇబ్బందిపై అధికారులకు విన్నపం రాయమంటే, రైతు బిడ్డ మొదటి ప్రతిలో ‘ఎంతో బాధ’, ‘తీరని వేదన’ అని పేరాకు రెండుసార్లు రాస్తాడు. చదివేవాడికి ఏమీ అనిపించదు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చారు, ఎన్ని రాత్రులు వాటి మీదే పడుకున్నారు, చివరికి ఏ ధరకు తెగనమ్ముకున్నారు అన్నవి రాయించిన రెండో ప్రతి గుండెను పట్టుకుంటుంది. రసాన్ని దాని పేరుతోనే చెప్పడం దోషమని మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు. విభావాదుల, అంటే భావానికి కారణాలు, దాని బాహ్య చిహ్నాలు, వెంట వచ్చే తాత్కాలిక భావాల కలయిక వల్లే రసం నిష్పన్నమవుతుందన్నాడు నాట్యశాస్త్రకర్త భరతుడు. కోపం ఏ మనస్థితిలో, ఎవరి మీద, ఏ కారణాన పుడుతుందో మూడూ తెలిస్తేనే వక్త దాన్ని రేపగలడని అరిస్టాటిల్ తన ప్రసంగ శాస్త్రం రెండో భాగంలో వివరించాడు. పరిశోధకుడు ఈ సూత్రాలను కంఠస్థం చేయడం వేరు, పిల్లవాడి రెండు ప్రతులను పక్కపక్కన పెట్టుకుని అవి పనిచేయడం చూడటం వేరు.

అమెరికాలో రెటరిక్ (మాటతో ఒప్పించే కళ), కంపోజిషన్ (రచనా బోధన) కలిసి ఒక ప్రత్యేక విద్యారంగంగా ఎదిగాయి. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ విద్యార్థులు మొదటి సంవత్సరం వారికి రచన బోధించి, ప్రతిగా ఫీజు మినహాయింపూ స్టైపెండూ పొందుతారు. ప్రవేశం దొరికితే మంచిదే. కానీ చీరాల ఉపన్యాసాలను పరిశీలించదలచినవారికి సామగ్రి దూరమవుతుంది.

కాబట్టి జేఆర్‌ఎఫ్ ఉన్నవారికి పూర్తికాల పరిశోధనే మేలంటాను, అయితే ఒక షరతు మీద. 2022 నాటి యూజీసీ నిబంధనలు పరిశోధక విద్యార్థికి వారానికి 4 నుంచి 6 గంటల బోధన లేదా పరిశోధన సహాయం అప్పగించవచ్చంటున్నాయి. ఆ గంటలను రచన నేర్పే తరగతికే కేటాయించమని గైడ్‌ను మొదటి నెలలోనే అడగాలి. ఉద్యోగమే ఎంచుకున్నవారు చేరకముందే, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నిరభ్యంతర పత్రం ఇస్తారో లేదో, ఎన్ని సెక్షన్లు అప్పగిస్తారో యాజమాన్యాన్ని అడిగి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. రెండుకు మించి సెక్షన్లు ఇస్తామంటే, మరో కళాశాల చూసుకోవడమే మంచిది.