ఏసీ వెంట్లు స్క్రీన్ పైనా, పక్కనా, కిందా: ఏది మేలు?

పోయిన మే నెలలో కారు మార్చాను. అప్పటి నుంచి ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్ సెల్లార్లోనూ ఎవరు ఎదురైనా అడిగేది ఒకటే: స్క్రీన్ ఎంత? 8 అంగుళాలు అనగానే జాలిగా చూస్తారు, ఇంకా తక్కువ ధరలో 10.25 వస్తుంటే ఇదేం కొనడం అన్నట్టు. ఆ 10.25 కోసం ఏసీ వెంట్లను, అంటే చల్లగాలి బయటికొచ్చే రెక్కల కిటికీలను, ఎక్కడికి నెట్టారో చూశారా అని నేను తిరిగి అడుగుతాను, ఇక మాట సాగి సాగి లిఫ్ట్ రెండుసార్లు వచ్చి వెళ్లిపోతుంది. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పలేక రాసేస్తున్నాను. కొన్న కారు పేరు మాత్రం చెప్పను, చెబితే చర్చంతా మైలేజీ మీదికీ రీసేల్ మీదికీ పోతుంది.

డ్యాష్‌బోర్డ్ మధ్యలో చోటు కోసం తగాదా కొత్తదేం కాదు. వెనకటి స్టీరియోలు టూ-డిన్ సైజులో ఉండేవి, ముందు భాగం 18 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు, వెనక డబ్బా అంతా లోపలికి దిగేది. అంత లోతున్న డబ్బాని పైన పెడితే గాలి గొట్టాలకి దారి ఉండదు, అందుకని వెంట్లు పైన, స్టీరియో కింద. ఇప్పుడు స్క్రీన్ అంటే పలకే. డ్యాష్‌బోర్డ్ నెత్తిన నిలబెట్టేసి మిగతా సరంజామా లోపల ఎక్కడో ఒకచోట సర్దుకోవచ్చు. మారుతీ స్విఫ్ట్‌నే చూడండి: 2018లో వచ్చిన మోడల్‌లో గుండ్రటి వెంట్లు రెండూ స్క్రీన్ పైన ఉండేవి, 2024 మోడల్‌కి వచ్చేసరికి స్క్రీన్ పైకెక్కింది, వెంట్లు దాని కిందికి దిగాయి.

స్క్రీన్ పైన ఉంటే లాభం లేదని అనను. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది, మ్యాప్ కోసం తల ఎంత దించితే అంత దూరం గుడ్డిగా నడిపినట్టే. స్క్రీన్ కంటికి దగ్గరి ఎత్తులో ఉండటం ఆ లెక్కన మంచిదే. కానీ ఆ స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి చెమట పడుతుంది కదా, ఆ సంగతి ఎవరు చూడాలి?

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద విషయం వెంట్ ఎత్తే. మనకి చల్లదనం తెలిసేది ముందు ముఖానికి, మెడకి. వెంట్ ఛాతీ ఎత్తులో ఉంటే గాలి తిన్నగా వచ్చి తగులుతుంది, ముందు సీట్ల మధ్య నుంచి వెనక్కీ పోతుంది. అదే వెంట్ గేరు లివర్‌కి జానెడు పైన ఉందనుకోండి, రెక్కలు ఎంత పైకి తిప్పినా గాలి ముందు మన ఎడమ చేతిని దాటుకుని రావాలి. పైగా చల్లగాలి బరువు, కిందికే దిగాలని చూస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లలో ఇలాంటిది ఒకటి నడిపాను, మధ్యాహ్నం రెండింటికి, షోరూమ్ బయట ఎండలో నిలబెట్టిన బండి. పది నిమిషాలకి నా ఎడమ మోచేయి ఐసులో పెట్టినట్టయింది, నుదుటి మీద చెమట మాత్రం అలాగే ఉంది. కుడి పక్క తలుపు దగ్గరి వెంట్ కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి డ్రైవర్ ఏదో బతికిపోతాడు. వెనక కూర్చున్న మా అమ్మ మాత్రం "ఒరేయ్, గాలి నా దాకా రావట్లేదురా" అంటూనే ఉంది. బ్లోయర్ నాలుగో నంబర్‌లో పెడితే మోత వచ్చింది గానీ ఆవిడ చీర కొంగు కదల్లేదు.

ఆ రోజు నుంచి నా జేబులో దినపత్రిక చీలిక ఒకటి, వేలెడు వెడల్పుది. ఏ కారెక్కినా బ్లోయర్ రెండులో పెట్టి ఆ కాగితాన్ని ముక్కు ముందు పట్టుకుంటాను, తర్వాత వెనక సీట్లో అమ్మ తల ఉండే ఎత్తులో. రెపరెపలాడితే సరే, వేలాడుతూ ఉంటే ఆ కారు వద్దు. సేల్స్ అబ్బాయి నన్ను ఎలా చూశాడో మీరే ఊహించుకోండి. వెనక వెంట్లు ఉన్నాయి కదా సార్ అంటారు, ఉంటాయి, కొన్నిటికి. చిన్న కార్లు చాలావాటికి అవీ ఉండవు, ఉన్నా మోకాళ్ల దగ్గర ఉంటాయి.

కింద పెట్టడం ఒక ఎత్తయితే, సన్నగా పెట్టడం ఇంకో ఎత్తు. పాత గుండ్రటి వెంట్ 7 సెంటీమీటర్ల వ్యాసం అనుకుంటే గాలి వచ్చే మేర 38 చదరపు సెంటీమీటర్లు. అదే గాలి 2 సెంటీమీటర్ల ఎత్తున్న చీలికలోంచి రావాలంటే దాని పొడవు 19 సెంటీమీటర్లు ఉండాలి. అంత చోటు లేదంటే వేగం పెంచి తోయాలి, అప్పుడే ఈలలాంటి చప్పుడు. పైకీ కిందికీ తిరిగే రెక్కలు కూడా అంత సందులో ఒకటో రెండో పడతాయి, అవి గాలిని ఏం మళ్లిస్తాయి?

ఇంతకీ కింద ఎందుకు పెడుతున్నారంటే ఫ్యాషన్ ఒక్కటే కాదు. మీటర్ల స్క్రీన్, పాటల స్క్రీన్ రెండూ కలిపి ఒకే పొడవాటి అద్దంలా పెట్టే పద్ధతి వచ్చింది. మహీంద్రా ఎక్స్‌యూవీ700లో, 2024 క్రెటాలో రెండేసి 10.25 అంగుళాల స్క్రీన్లు ఒకే వరసలో ఉంటాయి. పక్కన వెంట్ పెట్టాలంటే కుడివైపుది సరిగ్గా ఆ రెండు స్క్రీన్ల మధ్య పడుతుంది, అద్దం విరిగిపోతుంది. పైన పెడితే అద్దం కిందికి జారుతుంది. అందుకే వెంట్లకి దక్కింది కింది వాటా.

స్క్రీన్ పైన వెంట్లు ఉంటే గాలికి అదే రారాజు. 2020లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో 12.8 అంగుళాల నిలువు స్క్రీన్‌ని కింద పడుకోబెట్టినట్టు ఉంచి, మధ్య వెంట్లు దానికి పైన వరసగా పెట్టారు. అంత డబ్బు పెట్టేవాళ్లకే వెంట్లు పైన ఇచ్చారంటే ఊరికే ఇచ్చి ఉండరు. మన బడ్జెట్‌లో ఇప్పుడు ఇలాంటి కొత్త మోడల్ దొరకడం కష్టం కాబట్టి దీని గురించి ఇంకేం రాయను.

మిగిలింది పక్కన. స్క్రీన్‌కి అటూ ఇటూ నిలువు వెంట్లు, ఐదో తరం హోండా సిటీలోనూ ఎంజీ హెక్టర్‌లోనూ ఉన్నట్టు. నాకు నచ్చినది ఇదే, కొన్నదీ ఇలాంటిదే. స్క్రీన్ మరీ కిందికి పోదు, వెంట్ కూడా ఛాతీ ఎత్తు తప్పదు. నిలువుగా ఉండటంతో అడ్డం రెక్కలు నాలుగైదు పడతాయి, పై సగం గాలి ముఖానికి, కింది సగం చేతులకి వస్తుంది. రెక్క మధ్య ఉండే బొడిపె ఎక్కడుందో వారంలో వేలికి అలవాటైపోతుంది, కళ్లు రోడ్డు మీద ఉండగానే తిప్పేయొచ్చు. దీనికీ లోపం ఉంది. వెడల్పంతా వెంట్లు తినేస్తే స్క్రీన్ అడ్డంగా పెరగలేదు, హెక్టర్‌లోలా నిలువుగా పెరగాలి, 2023లో దాన్ని 14 అంగుళాలు చేశారు. అందులో ఏసీ పని చాలావరకు స్క్రీన్ మీదే, నాకు అది నచ్చదు గానీ వెంట్లు మాత్రం ఉండాల్సిన చోటే ఉన్నాయి.

వెంట్ కనిపించకుండా దాచేసే రకం కూడా ఉంది, 2017 టెస్లా మోడల్ 3తో మొదలై 2025 జూలైలో మోడల్ వై రూపంలో మన దేశానికీ వచ్చింది. డ్యాష్‌బోర్డ్ పొడవునా ఒక సన్న చీలిక, లోపల ఒక గాలి ధార ఇంకో గాలి ధారని తోసి దిక్కు మారుస్తుంది. బుర్ర పెట్టి చేసిన పనే, చీలిక కూడా మంచి ఎత్తులో ఉంది. దిక్కు మార్చాలంటే మాత్రం స్క్రీన్‌లో మెనూ తెరిచి గాలి బొమ్మని వేలితో లాగాలి. 2022లో స్వీడన్ పత్రిక వి బిలాగరే 110 కిలోమీటర్ల వేగంలో స్క్రీన్ పనులూ బటన్ పనులూ పోల్చి చూస్తే, బటన్లున్న 2005 వోల్వోకి 10 సెకన్లు పట్టింది, అన్నిటికన్నా వెనకపడిన స్క్రీన్ కారుకి 44.9. పిల్లాడికి గాలి ఎక్కువైందని వాడి వైపున్న వెంట్ పక్కకి తిప్పడానికి నేను మెనూలు తెరవను, అంతే.

మా బావమరిదికి ఇదంతా వరసపెట్టి చెప్పాను, కాగితం చీలిక కూడా ఇచ్చి పంపాను. శ్రద్ధగా విన్నాడు, వెళ్లి జంట స్క్రీన్ల బండే తెచ్చుకున్నాడు, పిల్లలు పట్టుబట్టారట. మొన్న విజయవాడ వెళ్తూ వాళ్ల కారులో వెనక కూర్చున్నాను. ముందు సీటు తలగడ కమ్మీకి యూఎస్‌బీ ఫ్యాన్ ఒకటి క్లిప్పు పెట్టి తగిలించి ఉంది. ఏంట్రా ఇది అంటే, "ఊరికే బావా, ఆఫర్‌లో వచ్చింది" అన్నాడు.