12 ఏళ్లు, 1,74,000 కిలోమీటర్లు: మార్పులు చేయించి, విప్పించి, వరదలో ముంచిన నా డీజిల్ కారు

2013 జూన్‌లో విజయవాడలో కొన్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ను నేటికీ నేనే నడుపుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే తిప్పల్లో చాలా వాటికి బాధ్యత నాదీ, వానదీ. బోనెట్ కింద ఉన్నది ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్ అంటే చాలు, మన దేశంలో పలు కంపెనీలు తమ కార్లలో వాడుకున్న ఆ ఇంజన్ గురించి తెలిసినవారికి వేరే పరిచయం అక్కర్లేదు. టైమింగ్ బెల్టుకు బదులు చైను, 190 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), 2000 ఆర్‌పీఎం లోపల బద్ధకం, అది దాటగానే ఒక్కసారిగా గుంజుకుపోయే ఊపు దాని స్వభావం. ఆ బద్ధకానికి అలవాటు పడటానికి నాకు ఆరు నెలలు పట్టింది, ఆ ఊపు మాత్రం ఇన్నేళ్లయినా విసుగు పుట్టించలేదు.

నా బండికి జరిగిన మార్పులన్నిటికీ మూలం జవహర్ ఆటోనగర్‌లో ఆదివారం ఉదయం టీ దగ్గర సాగే మా నలుగురి వాదనలు. ఒకాయనకు పెద్ద టైర్లు తొడిగిన జీపు, మరొకాయనకు రీమ్యాప్ చేయించి (అంటే ఊపు పెరిగేలా ఇంజన్ కంప్యూటరు సెట్టింగులు మార్పించి) రెండుసార్లు క్లచ్ ప్లేట్ మార్చుకున్న సెడాన్ ఉన్నాయి, ఇంకొకాయనకు బండి లేదు గాని సలహాలకు కొదవ లేదు. రిజిస్ట్రేషన్‌లో నమోదైన తయారీదారు వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి జీపు ఆయనను మిగిలినవారు “ముద్దాయిగారూ” అనే పిలుస్తున్నారు.

నేను మొదట చేయించిన మార్పు హెడ్‌లైట్లది, అందులోనే ఎక్కువ దెబ్బ తిన్నాను. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల హాలోజెన్ బల్బులు చాలడం లేదని 100/90 వాట్లవి పెట్టించాను. బల్బు ఒక్కింటికి 5 ఆంపియర్ల కరెంటు లాగే తీగలో 8 ఆంపియర్లకు పైగా పారితే ఏమవుతుందో తెలిసి కూడా, రిలే (బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు పంపే స్విచ్చి) పెట్టించడాన్ని వచ్చే వారానికి వాయిదా వేసుకున్నాను. ఆ వారం రాకముందే నందిగామ దాటాక కుడివైపు లైటు ఆరిపోయింది. బోనెట్ ఎత్తి చూస్తే హోల్డరు కరిగి బల్బుకు అంటుకుపోయి ఉంది. తరువాత మోజు ఎల్ఈడీల మీదికి మళ్లింది. పొడి రోడ్డు మీద అవి పట్టపగలులా వెలిగాయి. అయితే హాలోజెన్ ఫిలమెంటు కోసం మలిచిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ వెలిగిస్తే కాంతి కూడవలసిన చోట కూడక చెదిరిపోతుంది. జోరువానలో ఆ తెల్లని వెలుగు చినుకుల మీద పడి కళ్లలోకే తిరిగి వచ్చేది, ఎదుటి లారీ డ్రైవర్లు తిట్టుకుంటూ డిమ్ కొట్టేవారు. చివరికి కంపెనీ వాట్ల హాలోజెన్ బల్బులనే రిలేతో పెట్టించాను. తీగలో వోల్టేజి నష్టం తగ్గడంతో అవే బల్బులు మునుపటికంటే ప్రకాశంగా వెలుగుతున్నాయి. మొదటే ఆ పని చేసి ఉంటే రెండుసార్లు డబ్బు తగలేసే పని ఉండేది కాదు.

టైర్ల కథ అంతకంటే చిన్నది. బండితో వచ్చినవి 165/80 ఆర్14. వాటి స్థానంలో అల్లాయ్ వీల్స్ మీద 195/65 ఆర్15 వేయించాను. చక్రం వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్ల నుంచి 634కు పెరిగింది, అంటే స్పీడోమీటరు తన లెక్కన చూపే వేగం కంటే బండి రెండు శాతానికి పైగా ఎక్కువ వేగంతో పోతుంది. దానితో పాటు వెనుక ముగ్గురు కూర్చున్నప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను గీకేది, మైలేజీ లీటరుకు 20 నుంచి 18కి దిగింది. అవి అరిగాక వేయించిన 185/65 ఆర్15 వ్యాసం 621 మాత్రమే కావడంతో గీకుడు పోయింది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు మాత్రం నిలిచింది. నేను చేయించిన మార్పుల్లో ఇప్పటికీ బండి మీద మిగిలినవి ఈ చక్రాలు, ఆ రిలే మాత్రమే.

కోన్ ఆకారపు ఎయిర్ ఫిల్టరు కూడా కొన్నాళ్లు ఉంది. శబ్దం బాగుండేది, నాకు అంతకుమించి లాభం కనబడలేదు. “బాబూ, ఇది గాలి పీల్చదు, నీళ్లు తాగుతుంది” అంటూ మా మేస్త్రి అది బంపరు వెనుక ఎంత కిందికి ఉందో వేలితో చూపించి, పాత పెట్టెను తిరిగి బిగించాడు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును వాన ముంచెత్తినప్పుడు ఎల్‌బీ నగర్ దగ్గర బంపరు ఎత్తు నీళ్లలో మొదటి గేరులో ఆగకుండా బయటపడ్డాను. ఇంజన్‌కు గాలి అందించే గొట్టం కంపెనీ పెట్టిన ఎత్తులో ఉండబట్టే ఆ రాత్రి ఇల్లు చేరాను. లోతు తెలియని నీళ్లలోకి దిగడం మాత్రం బుద్ధి తక్కువ పనే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నేను బండి నడపలేదు, అది ఇంటి ముందే మునిగింది. నీళ్లు గేటు దాటుతుండగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి మేడ ఎక్కాను. నాలుగు రోజులు సీటు అంచు వరకు నిలిచిన ఆ బురద నీరు దిగాక కూడా తాళం తిప్పలేదు. పొరుగింటాయన ఆత్రపడి తన బండిని స్టార్ట్ చేశాడు. నీటికి గాలిలా కుదించుకుపోయే గుణం లేదు గనుక, సిలిండరులోకి చేరిన నీటి మీదికి పిస్టన్ వచ్చి, దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. నా బండిని ఆటోనగర్‌కు లాగించి సీట్లు, కార్పెట్లు ఊడదీయించి ఎండబెట్టాం. పాలు కలిపిన టీ రంగులోకి మారిన గేరు ఆయిల్‌ను రెండుసార్లు మార్చాం, డీజిల్ ట్యాంకు కడిగించాం, ప్రతి కనెక్టరునూ, ఎర్తింగ్ బోల్టునూ శుభ్రం చేయించాం. రెండు వీల్ బేరింగులు, ఆల్టర్నేటరు కొత్తవి పడ్డాయి. పాతబడింది కదా అని ఎదుటివారి నష్టానికే పరిహారమిచ్చే థర్డ్ పార్టీ బీమాతో సరిపెట్టుకున్న పాపానికి 58,400 రూపాయలూ నా జేబులోంచే పోయాయి. ఆ నెల నుంచి ఆదివారం టీ దగ్గర నా పేరు “వరుణదేవుడి అల్లుడు”.

మిగతా ఖర్చులు చెప్పుకోదగినవి కావు. క్లచ్ సెట్ ఒకసారి 1,10,000 కిలోమీటర్ల దగ్గర, లోయర్ ఆర్మ్ బుష్‌లు రెండుసార్లు, ముందు షాక్ అబ్జార్బర్లు ఒకసారి మార్చాను. ఆయిల్‌ను 10,000 కిలోమీటర్ల వరకు లాగకుండా 7,500కే మార్చడం నా చాదస్తం, అయితే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోను ఇంతవరకు విప్పలేదు. ఏసీ మాత్రం రోహిణీ కార్తె ఎండల్లో వెనుక సీటు దాకా చేరదు, కొన్నప్పుడూ చేరేది కాదు.

ఈ ఇంజన్ ఉన్న పాత బండిని నేటికీ నిస్సంకోచంగా కొనమంటాను. కొనేముందు మెరుగు పెట్టిన బోనెట్ వైపు కాకుండా స్టెప్నీ కింది గుంట వైపు చూడండి. సీటు బెల్టును చివరి దాకా లాగి, ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి జానెడులో మరక ఉందేమో పరిశీలించండి. డ్యాష్‌బోర్డు కింది బోల్టుల తలలను తడిమి తుప్పు ఉందో లేదో తెలుసుకోండి. సీట్లు కడిగేవారు ఉంటారు గాని బెల్టు ఆఖరు వరకు ఉతికేవారు అరుదు. నా బండి బెల్టును లాగితే కనిపించే బుడమేరు గీతను, అడిగినవారికి నేనే చూపిస్తాను.